ఎవరికైనా తట్టేదే

ఇందులో ఏముంది! ఓ స్ప్రింగు, ఓ కీలు, ఓ గొట్టం. అంతే కదా. చంటిపిల్లల ఆటబొమ్మలో ఇంతకన్నా ఎక్కువ సామాను ఉంటుంది. సెలైన్ సీసాని స్ప్రింగుకి వేలాడదీస్తారట, మందు దిగుతున్నకొద్దీ సీసా తేలికవుతుందట, తేలికైనకొద్దీ స్ప్రింగు దాన్ని పైకి లాక్కుంటుందట, అడుగంటే వేళకి పక్కనున్న కీలు ముడుచుకుని ట్యూబుని మడిచేస్తుందట. మడత పడ్డ ట్యూబులోంచి ఇక ఏదీ కిందికి పోదు, రోగి చేతిలోంచి నెత్తురు పైకి ఎక్కదు, సిస్టర్, సిస్టర్ అని కేకలేసుకుంటూ ఎవరూ పరిగెత్తక్కర్లేదు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. అబ్బో! దీనికో పేటెంటు కావాలట. పేటెంటు ఆఫీసులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కాదమ్మ ఆ బొమ్మని మళ్ళీ మళ్ళీ చూసి పళ్ళు నూరుకుంది. కాదమ్మ అన్నది తల్లి పెట్టిన పేరు కాదు లెండి. వచ్చిన ప్రతి దరఖాస్తుకీ ముందు కాదు అంటుందని ఆఫీసువాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు. ఆ సంగతి ఆమెకి తెలుసు, తెలిసి లోలోపల కాస్త మురిసింది కూడా. ఎదురు బల్లాయన్ని తథాస్తు అంటారు, ఆయన దగ్గరికెళ్ళిన దరఖాస్తు తిరిగి రావడం ఎవరూ చూడలేదు. ఆ పేరుకన్నా తన పేరే నయం. కానీ ఇవాళ ఆ కాదు నోటిదాకా వచ్చి, గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడి కూర్చుంది.

అంతా పెద్దాయన వల్లే. ఆమె పై అధికారి. దరఖాస్తు పెట్టినవాళ్ళ మాట చివరిసారి విని, ఇవ్వాలో కొట్టెయ్యాలో తేల్చేది ఆయనే. ఇవాళ మూడింటికి ఈ సీసా తాలూకు మనిషి వస్తుంది. కొట్టెయ్యడానికి కాదమ్మ అన్నీ సిద్ధం చేసి పెట్టింది. పాత పేటెంట్లలో వెతికి వెతికి రెండు పట్టుకుంది. ఒకటి ధాన్యం కొట్లో స్ప్రింగు త్రాసు, బస్తా తేలికైతే గంట కొడుతుంది. రెండోది తోటకి నీళ్ళు పెట్టే గొట్టం, కీలు ముడిస్తే గొట్టం మడతపడి నీళ్ళు ఆగిపోతాయి. దీన్నీ దాన్నీ కలిపితే ఇదే కదా, కనుక ఇది ఎవరికైనా తట్టేదే, కనుక పేటెంటు ఇవ్వనక్కర్లేదు. ఎంత ముచ్చటగా కుదిరిందో! పొద్దున ఆ కాగితం పట్టుకెళ్తే పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి నవ్వారు. "ధాన్యం బస్తా, తోట గొట్టం. ఈ రెంటికీ ఆస్పత్రిలో పెళ్ళి చెయ్యాలని ఎవరికి తోచిందమ్మా?" అన్నారు. ఎవరికైనా తోస్తుంది కదండీ అందామె. "ఆవిడ చేసి చూపించాక నీకు తోచింది. అది లెక్కలోకి రాదు. చూడకముందే, ఆ పని తెలిసిన మామూలు మనిషికి, మహా మేధావికి కాదు, మామూలు మనిషికి తట్టి ఉండేదని మనం చూపించాలి. తట్టదని నిరూపించుకునే పని ఆవిడది కాదు. బరువు మన నెత్తి మీదే. కలపడానికి కారణం ఒక్కటి పట్రా, కొట్టేస్తాను. లేకపోతే ఆ అభ్యంతరం వదిలేద్దాం." ఆ మాట అని, కాగితం అంచున పెన్సిల్‌తో ఎందుకు అని రాసి ఇచ్చారు. ఇప్పుడు ఆ చిన్న మాట పంటికింద రాయిలా ఉంది.

మామూలు మనిషి. ఎన్ని వందలసార్లు రాసిందో ఆ మాట. ఈ రంగంలో సాధారణ నైపుణ్యం గల వ్యక్తి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మనిషి ఎలా ఉంటాడా అని ఊహించుకునేది. వెలిసిపోయిన చొక్కా, చంకలో గొడుగు, లోకంలో అచ్చయినవన్నీ చదివేసి ఉంటాడు, ఒక్క ముక్క మర్చిపోడు, కానీ సొంతంగా ఒక్క ఆలోచనా చెయ్యడు పాపం. రెండూ రెండూ ఎదురుగా పెడితే నాలుగంటాడు, పెట్టకపోతే అలా కూర్చునే ఉంటాడు. ఎంత చులకనో ఆమెకి అతనంటే! ఎవరైనా ఏదైనా కనిపెట్టానని వస్తే అతన్ని ముందుకు తోసేది, చూడండి, ఈ మొద్దుకి కూడా తట్టేదే మీరు తెచ్చింది, అని. అతను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఇవాళ మాత్రం బల్లకి అవతల నిలబడి, ఏమోనండి, నాకైతే తట్టదు, అంటున్నట్టుంది. నోర్ముయ్, తట్టి తీరాలి, అనుకుంది కాదమ్మ. సరిగ్గా అప్పుడే బయట వరండాలోంచి నవ్వు వినిపించింది.

గొంతు నిండుగా, తలుపు తట్టకుండా లోపలికొచ్చేసే నవ్వు. చేతిలో పెన్ను ఆగిపోయింది. ఈ నవ్వు తనకి తెలుసు. ఎక్కడ, ఎక్కడ, అనుకుంటూనే లేచి అద్దం తలుపులోంచి చూసింది. బెంచీ మీద ఒక కాలు మడిచి కింద పెట్టుకుని కూర్చుంది ఒకావిడ, పక్కన పొడుగాటి సంచీ, అందులోంచి సెలైన్ స్టాండు తొంగిచూస్తోంది, ఎవరితోనూ పలకని సెక్యూరిటీ అతను ఆవిడ పక్కన నిలబడి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. పద్నాలుగో బెడ్డు! ఇన్నాళ్ళూ ఫైలు మీద చూస్తున్న పేరుకి ఈ మొహం ఉందని ఎవరనుకుంటారు? అమ్మని చేర్పించిన ఆ ఆస్పత్రి వార్డులో పేర్లెవరికీ ఉండేవి కావు, పడుకున్నవాళ్ళూ బెడ్డు నంబర్లే, పక్కన కాపలా కూర్చున్నవాళ్ళూ బెడ్డు నంబర్లే. అమ్మ పదమూడు, కనుక తనూ పదమూడే. పక్క మంచం మీద ఆవిడ అత్తగారు. మొహం చూడగానే ఆ వాసన కూడా వచ్చేసింది, ఫినాయిలు, ఉతికిన దుప్పట్లు, మధ్యాహ్నం ఎండకి వేడెక్కిన కిటికీ రెక్క. పొద్దుటి వంతు వదినది, మధ్యాహ్నాలు తనవి. మధ్యాహ్నాలన్నీ ఆ నవ్వుకిందే గడిచాయి.

ఏం చూసి అంత మెచ్చుకునేవారో జనం! కాలేజీలో ఫిజిక్సు చెబుతుందట, అయితే ఏం? గడగడా మాట్లాడేది, అందరి మందులూ అందరి కష్టాలూ తనకే కావాలి. కసురుకోకుండా మాట్లాడని సిస్టరు కూడా ఆవిడకి మెత్తకుర్చీ తెచ్చి వేసింది. తనకి ఆ ఇనప స్టూలే, వీపు పట్టేసినా అడిగిన నాథుడు లేడు. పోనీ అదీ సర్దుకుంది. కానీ అమ్మ తల దువ్వడం ఉందే, అది మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. ఓ రోజు దువ్వెన పట్టుకుని దగ్గరికెళ్తే అమ్మ తల పక్కకి తిప్పేసుకుంది. "నువ్వొద్దులేవే, నీ చెయ్యి బరువు. ఆ అమ్మాయి దువ్వితే తెలియనే తెలియదు" అంది. అందరూ వింటూండగా! కన్నకూతురు దువ్వెన పట్టుకుని నిలబడి ఉంటే, పక్క మంచం మనిషి వచ్చి, ఇలా ఇవ్వండి, అని లాక్కుని, చిక్కులు తీసి, జడ వేసి, చివర రబ్బరుబ్యాండు చుట్టి, చూడండి మీ అమ్మగారు ఎంత బావున్నారో, అని తనకే చూపించింది. నిజంగానే బావుంది అమ్మ. అదే ఒళ్ళు మండించింది. అమ్మ కోలుకుని ఇంటికొచ్చాక కూడా వదల్లేదు ఆ పీడ. ఏ మాటొచ్చినా పద్నాలుగో బెడ్డమ్మాయి ఇలా అనేది, పద్నాలుగో బెడ్డమ్మాయి అలా చేసేది. చెవిలో జోరీగ. ఇప్పుడా జోరీగ దరఖాస్తు పెట్టుకుని ఆఫీసుకే వచ్చింది.

అదీ ఇదీ కాదు, అసలు మంట వేరే. కాదమ్మ దాన్ని ఎప్పుడూ పైకి అనదు, మనసులో అనుకోవడానికి కూడా కాస్త సిగ్గే. కనిపెట్టాల్సింది తను. చిన్నప్పుడు గోడగడియారం విప్పి మళ్ళీ బిగించింది తను, ఒక మర మిగిలిపోయినా గడియారం నడిచింది కదా. కుట్టుమిషను పెడల్‌కి పంకా రెక్క కట్టి వంటింట్లో అమ్మకి గాలి వచ్చేలా చేసింది తను, అది ఊడి అన్నయ్య మోచేతికి తగిలి నానా గొడవా అయింది, అది వేరే సంగతి. మెకానికల్ ఇంజినీరింగులో అబ్బాయిల మధ్య ఒక్కతే కూర్చుని చదివింది. తీరా చూస్తే ఏం చేస్తోంది? ఊళ్ళోవాళ్ళ ఆలోచనలన్నీ చదువుతోంది. చదివి, ఇది పాతది, ఇది తట్టేదే, ఇది కాదు, అంటోంది. ఇన్నేళ్ళలో సొంతంగా ఒక్కటి, చీపురుకట్ట పట్టుకునే పిడి లాంటిదైనా సరే, ఒక్కటి తట్టిందా? ఆ మడత కీలు బొమ్మ చూసిన మొదటి రోజే ఆ మంట రాజుకుంది. అప్పటికి అది ఎవరిదో తెలియదు కూడా. ఎంత చక్కగా ఉంది, అనిపించింది మొదట. ఆ వెంటనే, ఇందులో ఏముంది, అనిపించింది. ఆ రెంటికీ మధ్య రెప్పపాటు కాలమైనా లేదు.

సరే, ఏడుపు తర్వాత, ముందు కారణం కావాలి. మళ్ళీ కుర్చీలో కూర్చుంది. కిటికీలోంచి చూస్తే ఎదురు మేడ మీద ఎవరో మొక్కలకి నీళ్ళు పెడుతున్నారు. ఒక కుండీ తడిపి, పైపుని చేత్తో మడిచి పట్టుకుని, రెండో కుండీ దగ్గరికెళ్ళి వదిలారు. కాదమ్మ చప్పున నిటారుగా కూర్చుంది. అరె! పొద్దున్నే తనూ చేసేది అదే కదా! కొళాయి దాకా ఎవరు వెళ్తారని పైపుని మడిచి పట్టుకుంటుంది. తనేంటి, ప్రతి ఇంట్లో అంతే. ఇదిగో కారణం! గొట్టం మడిస్తే నీరు ఆగుతుందన్నది ఇళ్ళలో అందరికీ అనుభవంలో ఉన్న విషయమే, కనుక, అని గబగబా టైపు చేసింది. కనుక. కనుక ఏమిటి? సెలైన్ ట్యూబు కూడా గొట్టమే కనుక. సీసా బరువు తగ్గుతుంది కనుక. వేళ్ళు ఆగిపోయాయి. అంత తెలిసినదైతే, పొద్దున పైపు మడిచి, మధ్యాహ్నం ఆస్పత్రికెళ్ళి, ఆ ట్యూబు ముందే గంటలకి గంటలు కూర్చుని, సీసా ఎప్పుడు అయిపోతుందో అని రెప్ప వెయ్యకుండా చూసిన ఆడమనిషికి ఒక్కసారైనా ఎందుకు తట్టలేదు? ఓ మధ్యాహ్నం కునుకు పట్టి, లేచి చూసేసరికి అమ్మ నెత్తురు సగం ట్యూబు దాకా ఎర్రగా ఎక్కి ఉంది. తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడైనా తట్టలేదే. ఛ, ఆ టైములో ఎవరికి తడుతుంది, అనుకుంది. అనుకుని, తన మాటే తన కాలికి తగిలినట్టు ఆగిపోయింది. అంతలో ఫోను మోగింది.

అమ్మ. సాయంత్రం వచ్చేటప్పుడు కళ్ళల్లో వేసుకునే చుక్కల మందు తెమ్మని. సరే అని పెట్టెయ్యబోయి, ఎందుకో నోరు ఊరుకోలేదు. "అమ్మా, పద్నాలుగో బెడ్డావిడ కనిపించింది" అంది.

"నిజంగానా! బావుందా? ఇంటికి రమ్మనకపోయావా! ఎంత చలాకీ పిల్లే!"

"ఆఁ, చలాకీయే."

"ఆ సీసాకేదో చేస్తానంటూండేది, చేసిందా? పాపం నిన్నడిగింది కూడాను. నువ్వేగా కుదరనే కుదరదని కొట్టిపారేశావు."

ఏమే, ఉన్నావా, అంటోంది అమ్మ. ఉన్నాను, తర్వాత చేస్తాను, అని పెట్టేసింది. అమ్మ జ్ఞాపకం పాడుగాను! పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతుంది, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది, ఇది మాత్రం గుర్తుందా? గుర్తు చేశాక ఇక దాచడానికి చోటే లేదు. ఆ మధ్యాహ్నం మొత్తం, ఎండ పడ్డ మూలతో సహా వచ్చి నిలబడింది. నెత్తురు ఎక్కిన మర్నాడే అది. ఆవిడ స్టాండు వంక చూస్తూ, "ఇది తేలికవుతూ ఉంటుంది కదండీ, అయిపోయిందని దానికే తెలుస్తుంది. దానంతట అదే ఆపేసుకోలేదా? మీరు ఇంజినీరు కదా, చెప్పండి" అంది. మీరు ఇంజినీరు కదా! ఆ వార్డులో ఆ మాట అన్నది ఆవిడొక్కతే. కాదమ్మకి ఎంత హాయిగా అనిపించిందో, ఇనప స్టూలు మీదే కాస్త నిటారుగా జరిగి కూర్చుంది. "కుదరదండి. బరువుకి కదిలేంత మెత్తటి స్ప్రింగు పెడితే ట్యూబుని నొక్కే బలం ఉండదు. నొక్కే బలం ఉన్న స్ప్రింగు పెడితే ఆ కాస్త బరువుకి కదలదు. రెండూ ఒకచోట కుదరవు. అయ్యే పనైతే ఈపాటికి ఎవరో చేసి ఉండేవాళ్ళు కదా" అంది. క్లాసు చెప్పినట్టు, వేళ్ళు తిప్పుతూ. అవునా, అంది ఆవిడ. మొహం చిన్నబోయింది. మళ్ళీ ట్యూబు వంకే చూస్తూ, దాన్ని రెండు వేళ్ళతో అటూ ఇటూ వంచుతూ చాలాసేపు కూర్చుంది. ఆ రోజు నవ్వలేదు. ఎట్టకేలకి నోరు మూతపడింది అనుకుని కాదమ్మ ఎంత సంతోషించిందని! ఇంటికి వెళ్ళేటప్పుడు దారంతా ఆ సంతోషంతోనే నడిచింది.

నొక్కక్కర్లేదు, మడిస్తే చాలు. మడవడానికి బలం ఎంత కావాలి, చిటికెన వేలు చాలు. పైపు రోజూ మడిచే చేతికి అది తెలుసు, ఆ చేతి మనిషికే తెలియలేదు. నొక్కాలి, నొక్కాలి, అని చదువుకున్నదాన్నే పట్టుకుని వేలాడింది. ఆవిడ ముందు మడిచి చూసింది. ఇప్పుడేం చెయ్యాలి? ఎవరికి తెలుసు ఈ సంగతి? అమ్మకి. అమ్మ ఈ ఆఫీసు మెట్లెక్కదు. ఆవిడకి గుర్తుంటుందా? ఉన్నా, తాను లోపల హియరింగుకి వెళ్ళకపోతే సరి. కారణం రాయడం ఏమంత కష్టం, ఇన్నేళ్ళ చెయ్యి, చెబితే చెప్పినట్టు వింటుంది. ఆస్పత్రి ఖర్చులు తగ్గించాలన్న ఆలోచన ఎవరికైనా సహజమే కనుక, అని మొదలుపెట్టి రెండు ముక్కలు నున్నగా అల్లితే పెద్దాయన కూడా తలాడించొచ్చు. కొట్టేస్తారు. ఆ సంచీ సర్దుకుని, ఆ స్టాండు భుజాన వేసుకుని, నవ్వకుండా మెట్లు దిగిపోతుంది పద్నాలుగో బెడ్డు. ఆ దృశ్యం కళ్ళ ముందు కదిలితే ఎంత తియ్యగా ఉందో! నిజం చెప్పాలంటే చాలాసేపు అక్కడే ఉండిపోయింది, నోట్లో బెల్లంముక్క కరగనిస్తున్నట్టు. మెట్లు దిగే ఆ వీపు చూస్తూ చూస్తూ ఉంటే, బల్లకి అవతల నిలబడ్డ ఆ మామూలు మనిషి మళ్ళీ కనిపించాడు. ఈసారి వెలిసిన చొక్కా లేదు. ఇనప స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో దువ్వెన ఉంది. కుదరదండి, అంటోంది.

గడియారం మూడు వైపు జరుగుతోంది. కాదమ్మ కాగితం తీసుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళింది. "దొరికిందా కారణం?" అన్నారాయన తలెత్తకుండానే.

"లేదండి. దానికి ఎదురుది దొరికింది." ఆగకుండా అనేసింది. "ఈ దరఖాస్తు పెట్టకముందు ఆవిడ, ఈ పని తెలిసిన ఒక మనిషిని అడిగింది. ఆ మనిషికి త్రాసులు తెలుసు, గొట్టాలు తెలుసు, సీసా కళ్ళ ఎదుటే ఉంది. అయినా కుదరదని చెప్పింది. గట్టిగా చెప్పింది."

పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టారు. "ఎవరమ్మా? పెద్ద నిపుణురాలా?"

"కాదండి. మామూలు మనిషే. నేనే."

ఆయన నవ్వుతారనుకుంది. నవ్వలేదు. ఆస్పత్రి సంగతంతా విన్నారు, మధ్యలో ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. విన్నాక కాగితం తీసుకుని, అంచున తను రాసిన ఎందుకు అన్న మాటని రబ్బరుతో తుడిచేశారు. "ఆవిడ నీకు తెలిసిన మనిషి కనుక ఈ ఫైలు ఇక నీ దగ్గర ఉండకూడదు. తథాస్తుకి ఇచ్చెయ్. కానీ ఇప్పుడు చెప్పింది రాసి సంతకం పెట్టి వెళ్ళు, అదీ ఫైల్లో ఉండాలి" అన్నారు. ఆయన బల్ల చివర నిలబడే రాసింది. ఈ రంగంలో సాధారణ నైపుణ్యం గల వ్యక్తి, అన్నచోట తన పేరే రాసింది. కింద సంతకం పెట్టింది. ఎన్నో సంతకాలు పెట్టింది గానీ, ఇంత బరువైన సంతకం ఆమె పెట్టలేదు. తథాస్తు ఫైలు అందుకుంటూ, ఏంటి, మీరే ఇస్తున్నారా, అని నోరు తెరిచారు. మంట తగ్గిందా అంటే, ఎక్కడ తగ్గుతుంది, ఇంకా కుతకుతా ఉడుకుతూనే ఉంది.

మొహం కడుక్కుందామని వరండాలోకి వస్తే తప్పించుకునే దారి లేకపోయింది. "అరె, పదమూడో బెడ్డు!" అంటూ ఆవిడ ఒక్క ఉదుటున లేచి రెండు చేతులూ పట్టేసుకుంది. "అమ్మగారు బావున్నారా? జుట్టు మళ్ళీ ఒత్తుగా వచ్చిందా? మీరిక్కడ పనిచేస్తారా? అయ్యో, అయితే నా పిచ్చిబొమ్మ చూసే ఉంటారు!" నవ్వింది. చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. మొదటిసారి కాదమ్మకి తెలిసింది, భయపడుతోంది ఈవిడ. లోపలికి పిలిచేలోగా తనని తనే సముదాయించుకుంటున్నట్టు, తలుపు వంక చూస్తూ, గొంతు తగ్గించి అంది ఆవిడ.

"కొట్టేస్తారట కదండీ. నిజమే మరి, ఇందులో ఏముంది? ఎవరికైనా తట్టేదే."

"కాదు" అంది కాదమ్మ.

ఆవిడ మొహంలోంచి నవ్వు పోయింది. ఆ రోజు వార్డులో పోయినట్టే పోయింది. కాదమ్మకి ఆ చేతులు విదిలించుకోవాలనిపించింది, విదిలించుకోలేదు.

"తట్టదండీ. నాకు తట్టలేదు."